స్టీరింగ్ కారు చేతిలో ఉంటే పూచీ ఎవరిది?

ప్రశ్న: లేన్ తప్పకుండా నడిచే, ముందు బండిని బట్టి వేగం తగ్గించుకునే కార్లు వచ్చేశాయి. వీటికి ప్రభుత్వ నిబంధనలు అవసరమా? కొత్త పరిజ్ఞానానికి అవి అడ్డం పడవా?

జవాబు: అవసరమే. 2018 మార్చిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపీలో, తనంతట తానే నడిచేలా ఉబర్ పరీక్షిస్తున్న కారు, రాత్రివేళ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయారు. కారు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టిందని దర్యాప్తులో తేలింది. అయితే ఒకసారి వాహనమని, ఒకసారి సైకిలని మార్చి మార్చి లెక్కేసింది. మార్చిన ప్రతిసారీ ఆమె అంతకుముందు ఎటు కదిలిందో వదిలేసి మళ్లీ మొదటికొచ్చింది. క్రాసింగ్ లేనిచోట మనుషులు దాటుతారన్న ఊహే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. కారు తయారీ కంపెనీ బిగించిన, తనంతట తానే పడే అత్యవసర బ్రేకునేమో కారు స్వయంగా నడిచే మోడ్‌లో పనిచేయకుండా ఆపి ఉంచారు. పరీక్షలపై రాష్ట్ర పర్యవేక్షణ చాలకపోవడాన్ని కూడా అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు కారణాల్లో చేర్చింది.

అడ్డం పడతాయా అన్నది నిబంధన రాసే తీరును బట్టి ఉంటుంది. ‘లైడార్ (లేజర్ కిరణాలతో దూరం కొలిచే సెన్సరు) పెట్టాల్సిందే’ అంటే రేపు రాబోయే మెరుగైన సెన్సరుకు దారి మూసినట్టే. ‘చీకట్లో, ఇంత వేగంలో, మనిషి ఎదురైతే తగలకుండా ఆగాలి’ అంటే ఎలా ఆపాలో కంపెనీయే చూసుకుంటుంది.

ఐక్యరాజ్యసమితి 157వ నిబంధన మంచి నమూనా. మూడో లెవెల్ కార్లకు, అంటే స్విచ్ వేశాక కారే నడిపే వ్యవస్థలకు, 2020లో వచ్చింది. మొదట గంటకు 60 కిలోమీటర్లే అనుమతించారు, 2022 సవరణలో 130 దాకా పెంచారు. స్టీరింగ్ తీసుకోమని కారు అడిగాక డ్రైవరుకు కనీసం 10 సెకన్లు ఇవ్వాలి, పలక్కపోతే తనంతట తాను ఆగాలి. 130లో 10 సెకన్లంటే 360 మీటర్లు! ఏ క్షణాన ఎవరు నడుపుతున్నారో రికార్డు కావాలి కూడా. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఈ రికార్డే. అది లేకపోతే ప్రమాదం తర్వాత కంపెనీ డ్రైవరునంటుంది, డ్రైవరు కారునంటాడు.

ప్రశ్న: మా కారు ముందు బండిని చూసి చక్కగా ఆగుతుంది. ఆగి ఉన్న లారీ దగ్గర నమ్మొద్దని ఎందుకంటారు?

జవాబు: రాడార్ కదిలే వాటిని తేలిగ్గా పట్టుకుంటుంది. బోర్డులూ వంతెనలూ చూసి ఊరికే బ్రేకు వేయకుండా, కదలని వాటి ప్రతిధ్వనిని చాలా వ్యవస్థలు వడగట్టేస్తాయి. ఆ వడపోతలో ఆగిన లారీ కూడా పోవచ్చు. గంటకు 100లో సెకనుకు 28 మీటర్లు పోతారు. మీది రెండో లెవెల్ కారైతే, అంటే స్టీరింగు, వేగం కారు చూసుకున్నా డ్రైవరు సాయపడే వ్యవస్థే అయితే, రోడ్డు చూడాల్సింది ఎప్పుడూ మీరే. అలాంటి కారును ‘తానే నడుస్తుంది’ అని అమ్మడాన్ని ప్రభుత్వం నిషేధించాలి. స్టీరింగ్ మీద చెయ్యి ఉందా అని చూస్తే చాలదు, కళ్లు రోడ్డు మీద ఉన్నాయో లేదో గమనించే కెమెరాను తప్పనిసరి చేయాలి.

ప్రశ్న: ముందు అద్దం మార్చాక లేన్ హెచ్చరిక తప్పుగా వస్తోంది. ఎందుకు?

జవాబు: అద్దం వెనకున్న కెమెరాకు క్యాలిబ్రేషన్ (అది చూసే దిశను సరిచేయడం) చేసి ఉండరు. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల అవతల 87 సెంటీమీటర్ల తేడా వస్తుంది. టైర్లలో గాలి సరిచూసి, డిక్కీలో బరువు తీసేసి, కంపెనీ చెప్పిన దూరంలో టార్గెట్ బోర్డు (కెమెరా చూసి సరిచేసుకునే గుర్తులున్న బోర్డు) పెట్టి చేయించండి. కొన్ని మోడళ్లకు కారు కంప్యూటర్‌కు స్కానర్ పరికరం తగిలించి, గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నడుపుతూ చేస్తారు. అప్పటిదాకా ఆ ఫీచరు ఆపేయండి.