రాజమండ్రికి ఓడరేవు లేదు, మరి ఊరు దేని మీద బతుకుతోంది?

కాకినాడకు సముద్రం ఉంది, రాజమండ్రికి ఏముందని ఒకరు అడిగారు. గోదావరి ఉంది. అయితే నది పక్కన ఉన్న ఊళ్లన్నీ ఇంత ఎదగలేదు. నీళ్లను మళ్లించే చోటు, నదిని దాటే చోటు రెండూ ఇక్కడే పక్కపక్కన కుదిరాయి. అదీ అసలు సంగతి.

రాజరాజనరేంద్రుడి కాలం నుంచీ పేరున్న ఊరే. ఇప్పటి వ్యాపారం లెక్క మాత్రం 1852 నుంచి చూడాలి. నందన కరువు (1832-33) పీల్చి పిప్పిచేసిన నేల ఇది. కాటన్ దొర 1847లో మొదలెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నది మధ్య లంకలుండటంతో ఒకే గోడగా కాక ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. ఇప్పుడున్నది 1982 నాటి బ్యారేజీ: ఆ నాలుగు భాగాలకూ వరుసగా 70, 43, 23, 39 చొప్పున మొత్తం 175 గేట్లు. సుమారు 10 లక్షల ఎకరాలకు నీళ్లు. ఆ కాలవలు సాగుకే కాదు, పడవల రవాణాకు కూడా పనికొచ్చాయి. డెల్టా రైతు చేతిలో డబ్బు ఆడితేనే ఊళ్లోని బట్టల మార్కెట్ తాడితోటలో బేరం ఆడేది.

1900లో గోదావరి మీద కట్టిన హేవలాక్ వంతెనపై రైలు నడిచింది. 1974లో పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన వచ్చాక అవతలి గట్టున కొవ్వూరు వైపు జనానికీ ఇదే బజారైంది. ఊళ్లోని పేపరు మిల్లుకు ఒకప్పుడు ఏజెన్సీ వెదురు వచ్చేది, తర్వాత రైతులు వేసే సరుగుడు, సుబాబుల్ వైపు మళ్లింది.

ఊరి పక్కనున్న కడియం మొక్కల నర్సరీలను మాత్రం తక్కువ అంచనా వేయకండి. ఒండ్రుమట్టి, కాలవ నీరు, కడియపులంక మీదుగా పోయే హైవే: మూడూ ఒక్కచోట దొరకడమే వాటి బలం. వేసవిలో మరమ్మతులకు కాలవలు కట్టేస్తారు కాబట్టి, ఆ రోజుల్లో బోరు నీళ్లే దిక్కు.

ఇక్కడ షాపో గోదామో తీసుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. గోదావరి మట్టం పెరిగితే ఊరి మురుగు నదిలోకి దిగదు. అదే సమయంలో ఊళ్లో గట్టి వాన పడితే పల్లపు వీధుల్లో నీళ్లు నిలిచిపోతాయి. అందుకే అద్దె మాట్లాడుకునే ముందు, కిందటి వరదల్లో ఆ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లని అడగండి.