ఒంటిగంట దాకా లైటు వెలిగితే చదువు సాగుతున్నట్టేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నీట్‌కు ప్రిపేర్ అవుతోంది. సాయంత్రం ఆరింటికి కాలేజీ నుంచి వచ్చి రాత్రి ఒంటిగంట దాకా చదువుతుంది. మళ్లీ నాలుగున్నరకు అలారం పెట్టుకుని లేస్తుంది. ఇంత చదివినా వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గుతున్నాయి. తరచూ తలనొప్పి అంటోంది. హాలియాలో అమ్మమ్మ ఇంటికి రావడం మానేసింది. పడుకోమంటే ఏడుస్తుంది. మా ఆయనేమో ‘ఈ ఒక్క ఏడాది కష్టపడనీ, ఎదురింటి పిల్ల ఇంకా పడుకోలేదు చూడు’ అంటారు. బలవంతంగా పడుకోబెడితే నా చేతులతో నేనే దాని భవిష్యత్తు పాడుచేస్తానేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: పడుకోబెట్టండమ్మా. మీ భయం అర్థమవుతోంది. కానీ మీ పాప నిద్రపోయేది మూడున్నర గంటలే. ఆ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని డాక్టర్లు చెబుతారు. ఇంటర్‌లో అంత దొరకడం కష్టమే, ఒప్పుకుంటాను. పదిన్నరకు పడుకుని ఆరింటికి లేచినా ఏడున్నర గంటలవుతుంది. ఇప్పటితో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువే.

పగలు చదివింది గుర్తుండేలా మెదడు సర్దుకునే పనిలో చాలా భాగం నిద్రలోనే జరుగుతుంది. నిద్ర కోసేసి చదివితే ఆ పని సగంలో ఆగిపోతుంది. అందుకే రాత్రి బట్టీ పట్టిన పాఠం పొద్దున టెస్టులో ‘చదివినట్టే ఉంది’ అనిపిస్తుంది గానీ ఆన్సర్ తట్టదు. నీట్‌లో ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు మైనస్ 1. అంటే తెలిసిన ప్రశ్నను నిద్రమత్తులో తప్పు పెడితే పోయేది 5 మార్కులు. ఈ మధ్య ఏళ్లలో ఆ పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకే మొదలవుతోంది. మీ పాపకు క్లాసులో కళ్లు మూతలు పడేది ఏ వేళలోనో ఒకసారి అడగండి.

మీ ఆయనతో గొడవ పడకండి. పాప టెస్టు పేపర్లు నాలుగు ఆయన ముందు పెట్టి, రాక తప్పు చేసినవెన్ని, వచ్చి తప్పు చేసినవెన్ని విడదీయమనండి. రెండో రకమే ఎక్కువుంటే మాటలతో ఒప్పించాల్సిన పని ఉండదు. ఎదురింట్లో లైటు వెలుగుతోందంటే ఆ పిల్ల చదువుతోందనే అనుకోనక్కర్లేదు, ఫోన్ చూస్తుండొచ్చు కూడా!

ఇక సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా ఉన్న సమయం. కాలేజీ నుంచి రాగానే పుస్తకం పట్టుకోనివ్వకండి. ముఖం కడుక్కుని, ఏదైనా తిని, అరగంట ఖాళీగా ఉండనివ్వండి. చదివేటప్పుడు మధ్యమధ్యలో లేవాలి. 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగే పద్ధతి ఒకటుంది. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980లలో తాను చదువుకునే రోజుల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టాడు. బయాలజీకి అది సరిపోతుంది. ఫిజిక్స్ లెక్కలకు మాత్రం 25 నిమిషాలు చాలవని నా అభిప్రాయం, ముప్పావుగంట కూర్చుని పది నిమిషాలు లేవొచ్చు. బ్రేక్ అంటే రీల్స్ కాదు. పది నిమిషాలని ఫోన్ పట్టుకుంటే గంట ఎటు పోయిందో తెలియదు. డాబా మీద అటూ ఇటూ నడవనివ్వండి. మీరు జొన్నరొట్టె చేస్తుంటే వచ్చి రెండు రొట్టెలు తట్టనివ్వండి. పిండి చేతులతో ఫోన్ ముట్టుకోలేదు, కళ్లకూ విశ్రాంతి. తిరిగి కూర్చోగానే పుస్తకం తెరవకుండా, అంతకుముందు చదివింది ఓ కాగితం మీద రాయమనండి. ఎంత గుర్తుందో తనకే తెలుస్తుంది. పడుకోమంటే వచ్చే ఏడుపు కూడా తగ్గుతుంది. ఎందుకంటే ఆ ఏడుపులో ఉన్నది ‘ఏమీ రావట్లేదు’ అన్న టెన్షనే.

రాత్రిపూట టీ ఇస్తుంటే మానేయండి. మీరు ప్రేమతోనే ఇస్తారు, కానీ దాని ప్రభావం కొన్ని గంటలపాటు ఉంటుంది. నిద్ర వేళను కూడా ఒక్కరోజులో మార్చకండి, మూడు నాలుగు రోజులకోసారి అరగంట ముందుకు జరపండి. వారానికో పూట, ఆదివారం మధ్యాహ్నం అనుకోండి, పూర్తిగా సెలవు ఇవ్వండి. హాలియాకు తీసుకెళ్లండి. పుస్తకం తెచ్చుకుంటానంటే ఒకటి తెచ్చుకోనివ్వండి, అడ్డు చెప్పకండి. అక్కడ మాత్రం మార్కుల సంగతి ఎవరూ ఎత్తొద్దని మీ అమ్మగారికి ముందే చెప్పండి.

తలనొప్పిని నిద్రలేమి ఖాతాలోనే వేయకండి. కళ్ల పరీక్ష, రక్తహీనత పరీక్ష చేయించండి. ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ, అది ఉన్నా నీరసం, తలనొప్పి వస్తాయి. నిద్ర సరిచేశాక కూడా రెండు వారాలకు మించి ఏడుపు తగ్గకపోయినా, తిండి మానేసినా మానసిక వైద్యుడికి చూపించండి. ‘నేనెందుకు బతకాలి’ లాంటి మాట ఒక్కసారి అన్నా ఆగొద్దు, పాపను ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఎప్పుడు చేసినా పలుకుతారు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పాప మాట్లాడనంటే ముందు మీరే చేసి, తనతో ఎలా మొదలుపెట్టాలో అడగండి.