మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్ నుంచి సిటీకి వెళ్లే రైలు మెట్రోదేనా?

కాదండీ, అది వీ/లైన్ రైలు, అంటే విక్టోరియా రాష్ట్రంలోని ఊళ్లను మెల్‌బోర్న్‌తో కలిపే సర్వీసు. నగరంలో తిరిగే మెట్రో రైళ్లను ప్రైవేటు సంస్థ నడుపుతుంది. వీ/లైన్ మాత్రం విక్టోరియా ప్రభుత్వానిదే. 1999లో దీన్ని ప్రైవేటుకిచ్చారు, ఆ కంపెనీ 2002లో వదిలేసి పోయింది. ప్రభుత్వం మళ్లీ చేతిలోకి తీసుకోవడం మంచిదైందని నా అభిప్రాయం. జీలాంగ్, బల్లారాట్, బెండిగో లాంటి ఊళ్లకు ఇదే ఆధారం.

టార్నీట్, విండమ్ వేల్ వైపు మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. అక్కడ కరెంటు లైను లేదు కాబట్టి డీజిల్ రైళ్లే వస్తాయి. వాటిలో ముఖ్యమైనది వీలోసిటీ. 2005 చివర్లో మొదలైంది, తయారీ మెల్‌బోర్న్ శివారు డాండెనాంగ్‌లోనే. దీనికి ముందుండి రైలును లాగే వేరే ఇంజిన్ ఉండదు. ప్రతి బోగీ కిందా ఒక డీజిల్ ఇంజిన్ ఉంటుంది. అందుకే త్వరగా వేగం అందుకుని గంటకు 160 కి.మీ. వరకు వెళ్తుంది. వీ/లైన్ పాత డీజిల్ రైళ్లు, 1993 నాటి స్ప్రింటర్ల గరిష్ఠ వేగం 130.

ఇంకో చిక్కు గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం. వీ/లైన్‌లో ఇది ఎక్కువగా 1600 మి.మీ. (మన బ్రాడ్‌గేజ్ 1676). న్యూ సౌత్ వేల్స్ సరిహద్దు ఊరు ఆల్బరీకి వెళ్లే లైను మాత్రం 1435. ఆ లైనుకు వీలోసిటీలనే వేరే చక్రాల అమరికతో కట్టించారు, అవి మిగతా లైన్లలో తిరగలేవు.

టికెట్ సంగతి: 2023 మార్చి 31 నుంచి వీ/లైన్‌లో ఎంత దూరమైనా రోజు ఛార్జీ మెల్‌బోర్న్ సిటీ రోజు ఛార్జీని మించదు.