మెమో సంగతి తర్వాత, ముందు ఆ ఫోన్ సంగతి చూడండి

ఉత్తరం: నాకు 46 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా హెచ్ఎం, నేను 2003 డీఎస్సీకి అవనిగడ్డలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. ఒకరి పుస్తకాలు ఒకరం చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నాం. తర్వాత ఆవిడ డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాసి ప్రమోషన్ తెచ్చుకుని, పోయినేడు మా బడికే హెచ్ఎంగా వచ్చింది. నేను టెస్టులకు అప్లై చేస్తానంటే మావారు వద్దన్నారు. హెచ్ఎం అయితే ఎక్కడికో వేస్తారు, మనకెందుకన్నారు. ఆయన పక్క మండలంలో టీచర్, ఉపాధ్యాయ సంఘంలో జిల్లా బాధ్యులు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి 7 నెలలుగా మంచంలో ఉన్నారు. నాలుగున్నర బస్సు తప్పితే నాకు ఇబ్బంది. ఆవిడేమో పదో తరగతికి సాయంత్రం ఎక్స్‌ట్రా క్లాసు వేసింది. మావారు ఫోన్ చేసి తీసేయమన్నారు. మర్నాడు స్టాఫ్ మీటింగ్‌లో, 'ఇబ్బంది ఉన్నవాళ్లు మీరే వచ్చి చెప్పండి, ఇంట్లోవాళ్లతో ఫోన్లు చేయించకండి' అంది. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. వాట్సాప్ గ్రూప్‌లోంచి బయటకు వచ్చేశాను, ఆ క్లాసులకు వెళ్లలేదు. ఇప్పుడు వారంలో వివరణ ఇమ్మని మెమో ఇచ్చింది. మావారు రెండు పేజీల జవాబు రాసి, ఒక కాపీ డీఈవోకి కూడా పంపుదామంటున్నారు. అదే పంపాలా? లేక ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్లిపోవాలా? స్నేహితురాలై ఉండి ఇలా చేస్తుందా?

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి జవాబు చిన్నదే. ట్రాన్స్‌ఫర్ వద్దు. ప్రభుత్వం షెడ్యూల్ ఇచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టుకుని, వచ్చిన చోటికి వెళ్లాలి. ఆ వచ్చిన బడి నుంచి ఇంటికి నాలుగున్నర బస్సు ఉంటుందని ఎవరు చెప్పగలరు? ఇక మెమో. సర్వీసులో ఉన్నవారికి వేసే శిక్షలేమిటో 1991 సీసీఏ రూల్స్‌లో, అంటే ఉద్యోగుల క్రమశిక్షణ నియమాల్లో, జాబితా ఉంది. అందులో చిన్నది అభిశంసన. వివరణ అడగడం అనేది ఆ జాబితాలోనే లేదు. అడిగారు, మీరు చెప్పాలి, అంతే. మీ ఇంట్లో దాన్ని యుద్ధంగా చూస్తున్నారు కాబట్టి మీకూ అలాగే కనిపిస్తోంది.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒక మాట కోసం వెతికాను. అత్తగారికి పక్షవాతం వచ్చిందని మీరు మీ హెచ్ఎంకి చెప్పారా? ఎక్కడా లేదు. ఒకే గదిలో ఉండి చదువుకున్న మనిషికి 7 నెలల నుంచి మీ ఇంట్లో ఏం జరుగుతోందో మీ నోటితో చెప్పలేదు. ఆవిడకు తెలిసిందల్లా ఒక సంఘం నాయకుడు ఫోన్ చేసి 'తీసేయండి' అన్నాడని. పదో తరగతి ఫలితాలకు డీఈవో దగ్గర జవాబు చెప్పాల్సింది హెచ్ఎం. ఆ పరీక్షల కోసం వంద రోజుల ప్రణాళిక నడుస్తుండగా బయటి నుంచి ఫోన్ వస్తే ఆవిడ ఏమనుకోవాలి? మీకు కష్టం వచ్చిందని అనుకోదు. మీరు వెనక మనిషిని పెట్టుకుని పని తప్పించుకుంటున్నారని అనుకుంటుంది. మీరే ఆ స్థానంలో ఉంటే అలాగే అనుకునేవారు.

అందరి ముందూ అలా అనడం ఆవిడ తప్పే. గదికి పిలిచి చెప్పాల్సింది. ఆ సంగతి ఆవిడకు మీరే చెప్పాలి, దానికి వస్తాను. కానీ మీ చిక్కు ఆవిడతో కాదు, మీవారితో.

కోపం తెచ్చుకోకండి. ఆయన చెడ్డవారని నేను అనను. భార్యకు ఇబ్బంది వస్తే కలగజేసుకోవడం ఆయనకు ప్రేమే. పదిమంది టీచర్ల పనులు చేసిపెట్టే మనిషికి ఇంట్లో మనిషి పని కూడా అలాగే కనిపిస్తుంది. అయినా లెక్క చూడండి. టెస్టులు రాయాలో వద్దో ఆయనే తేల్చారు. క్లాసు వద్దని ఆయనే చెప్పారు. ఇప్పుడు జవాబూ ఆయనే రాశారు, కింద సంతకం మాత్రం మీది. మీ బడిలో మీ తరఫున మీరు మాట్లాడి ఎంతకాలమైంది?

మీరు సోషల్ టీచర్. 73వ రాజ్యాంగ సవరణ పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటారు? పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లని ఆ సవరణ చెప్పింది, మన దగ్గర దాన్ని సగానికి పెంచారు. అయినా గెలిచిన సర్పంచ్ ఇంట్లో ఉంటుంది, భర్త ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టిస్తాడు. అది తప్పని పిల్లలకు చెబుతారు కదా. మీ విషయంలో కూడా అది తప్పే. ఇది పెళ్లికి ముందే మీరు రాత్రిళ్లు మేలుకుని తెచ్చుకున్న ఉద్యోగం.

మా అమ్మ కూడా టీచరే. నాన్న రోజూ సైకిల్ మీద దింపేవారు, గేటు మాత్రం దాటేవారు కాదు. ఒకసారి అమ్మకూ హెడ్‌మాస్టరు గారికీ మాటామాటా వచ్చి అమ్మ వారం రోజులు సరిగా అన్నం తినలేదు. నాన్నను వెళ్లి అడగమని మా నాయనమ్మ పోరు పెట్టింది. 'అది ఆవిడ ఆఫీసు, నాకేం పని' అన్నారు నాన్న. ఆ వారం రోజులూ వంట మాత్రం ఆయనే చేశారు. భర్త చేయదగ్గ సాయం అదేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అందుకే అత్తగారి సంగతి కూడా అడుగుతున్నాను. కోడలిగా మీరు చేస్తున్నది పుణ్యమే, ఎవరూ కాదనరు. కానీ ఆవిడ మీవారి తల్లి. సంఘం మీటింగులకు సాయంత్రాలు దొరుకుతున్న మనిషికి కన్నతల్లి దగ్గర కూర్చోవడానికి వారంలో మూడు సాయంత్రాలు దొరకవా? ఈ మాట మీరు ఇంతవరకు అడిగి ఉండరు. ఈ రాత్రే అడగండి. ఏడవకుండా, దెప్పకుండా, రోజుల పేర్లు చెప్పి అడగండి: 'మంగళ, గురు, శని మీరు ఐదు లోపల ఇంటికి రావాలి.' ఆయన మారు మాట్లాడితే, హెచ్ఎంకి ఫోన్ చేసినంత తేలికగా ఇది కూడా చేయమనండి.

ఆయన రాసిన రెండు పేజీలు పక్కన పెట్టేయండి. జవాబు మీ చేతిరాతతో, నాలుగైదు వాక్యాల్లో రాయండి. ఫలానా తేదీల్లో క్లాసులకు రాలేదు, నిజమే. అత్తగారి అనారోగ్యం వల్ల సాయంత్రాలు ఉండలేకపోయాను, ఆ సంగతి ముందే రాతపూర్వకంగా తెలియజేయకపోవడం నా పొరపాటు. ఇకనుంచి వారంలో మూడు రోజులు సాయంత్రం క్లాసు తీసుకుంటాను. మిగతా రోజులకు ఉదయం బెల్లుకు ముందు క్లాసు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఇంతే. 'వేధింపు', 'కక్షసాధింపు' లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. డీఈవోకి కాపీ అసలే వద్దు. ఆ కాపీ వెళ్లిందంటే ఆవిడ కూడా కాగితాలతోనే మాట్లాడుతుంది. ఆ తర్వాత మీ ఇద్దరికీ మధ్య ఫైలు తప్ప ఇంకేమీ మిగలదు.

ఆ కాగితం అటెండర్ చేతికి ఇచ్చి పంపకండి. ఆఖరి బెల్లు అయ్యాక, పిల్లలూ స్టాఫూ వెళ్లాక, మీరే ఆవిడ గదికి వెళ్లండి. ఆ రోజు బస్సు పోతే పోనివ్వండి. ముందు ఫోన్ సంగతి ఎత్తండి. 'మావారితో చెప్పించడం నా తప్పు, నేనే రావాల్సింది' అనండి. అది అయ్యాకే మీ బాధ చెప్పండి: 'అందరి ముందూ అలా అన్నావు, నాకు చాలా కష్టంగా ఉంది.' ఈ వరస తిరగేయకండి. ముందు మీ బాధ మొదలుపెడితే ఆవిడ తనను సమర్థించుకునే పనిలో పడుతుంది, అత్తగారి సంగతి చెప్పే సందే దొరకదు.

ఇంకొకటి. మీ ఉత్తరం నిండా ఆవిడ 'వచ్చింది', 'వేసింది', 'ఇచ్చింది'. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు అలాగే పిలుచుకోండి, ఆవిడకు అది కావాలి కూడా. హెచ్ఎం కుర్చీలో కూర్చున్నవాళ్లకు బడిలో పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండరు. కానీ స్టాఫ్ రూములో, అసెంబ్లీలో 'మేడమ్' అనండి. ఆ మాట మీ నోటికి రావడం లేదని నాకు తెలుస్తోంది. ఆ కుర్చీలో మీరు కూడా ఉండాల్సిందని లోపల ఎక్కడో బాధ ఉంది. ఆ బాధ న్యాయమైనదే. కానీ మిమ్మల్ని టెస్టులు రాయనివ్వనిది ఆవిడ కాదు.

వాట్సాప్ గ్రూప్‌లో మళ్లీ చేర్చమని ఆవిడనే అడగండి, ఇంకొకరితో అడిగించకండి.

మీకు 46. రిటైర్‌మెంట్ 62కి. ఇంకా 16 ఏళ్లు ఉన్నాయి. డిపార్ట్‌మెంటల్ టెస్టులు సర్వీస్ కమిషన్ మామూలుగా ఏడాదికి రెండు విడతలు పెడుతుంది. ఈసారి నోటిఫికేషన్ రాగానే మీరే అప్లై చేయండి, ఫీజు కట్టాక ఇంట్లో చెప్పండి. పుస్తకాలు కొనే ముందు మీ స్నేహితురాలిని అడిగి చూడండి, ఆవిడ రాసినప్పటి నోట్సు ఉండే ఉంటాయి.