తీర్థన్‌లో ట్రౌట్ పడాలంటే తెల్లారేసరికి నది దగ్గరుండాలి

జూన్‌లో హిమాచల్ వెళ్లి, తీర్థన్ నదిలో మధ్యాహ్నమంతా గాలం వేసినా ఒక్క ట్రౌట్ చేప కూడా పడలేదు, స్పిన్నర్ (నీళ్లలో గిరగిరా తిరుగుతూ మెరిసే లోహపు ఎర) మార్చాలా అని అడిగారు కదా. స్పిన్నర్ తప్పేమీ లేదండీ, వేళ కుదరలేదంతే. పైన మంచు పగటి ఎండకి కరిగి, ఆ నీళ్లు మధ్యాహ్నం దాటాక కిందికి దిగుతాయి. పొద్దున అడుగు రాళ్లు కనిపించిన చోటే సాయంత్రానికి మట్టినీళ్లు పరుగెడతాయి. ట్రౌట్ చూపుతో వేటాడే చేప. మసకనీళ్లలో ఎర దానికి ఆనదు.

తెల్లారగానే వెళ్లండి. నది నడిమధ్యన కాకుండా, పెద్ద బండ వెనక నీళ్లు నెమ్మదించే చోటికి వేయండి. చేప అక్కడే నిలబడి, పక్కనుంచి కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుంటుంది.

అసలు ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్తే ఇంత టెన్షన్ ఉండదు. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా మాత్రం ట్రౌట్ వేట నిషేధం, బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. మత్స్యశాఖ లైసెన్స్ తప్పనిసరి.

అన్నట్టు, బ్రౌన్ ట్రౌట్ బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన చేప. అక్కడి సొంత చేప స్నో ట్రౌట్. అది రాళ్ల మీది పాచి గీక్కుతింటుంది, స్పిన్నర్‌కి పడుతుందని ఆశపెట్టుకోకండి. పై కొండల్లో వాన మొదలైతే వెంటనే గట్టెక్కేయండి, నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి.