వాండా వేళ్లకు మట్టి పనికిరాదు

ప్రశ్న: ఏడాది కిందట వాండా ఆర్కిడ్ కొన్నాను. మట్టి, కొబ్బరిపొట్టు కలిపి కుండీలో పెట్టి, రోజూ సాయంత్రం నీళ్లు పోస్తున్నాను. కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. ఒక్క పువ్వూ లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ముందు మొక్కను ఆ కుండీలోంచి తీసేయండి. వాండా చెట్టు బెరడును పట్టుకుని, వేళ్లను గాలికి వదిలి బతికే మొక్క. వేరు చుట్టూ స్పాంజిలాంటి పొర ఉంటుంది. ఆరినప్పుడు వెండి రంగులో, తడిసినప్పుడు పచ్చగా కనిపిస్తుంది. ఆరే వ్యవధి ఇవ్వకపోతే ఈ పొర కుళ్లి, లోపలి నరం దారంలా మిగులుతుంది. ఇక నీళ్లు ఎన్ని పోసినా మొక్కకు అందవు. కింది ఆకులు రాలేది అందుకే.

వేళ్లను కడిగి, నొక్కితే మెత్తగా, బోలుగా ఉన్నవాటిని మంటలో కాల్చి చల్లార్చిన కత్తెరతో తీసేయండి. గట్టివి ఒక్కటీ కోయకండి. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్ది, ఒక రోజు నీడలో ఆరనివ్వండి. తర్వాత చెక్క బుట్టలో నాలుగు బొగ్గు ముక్కలతో కట్టి వేలాడదీయండి. ఏమీ వేయకపోయినా పరవాలేదు.

నీళ్లు ఉదయమే పెట్టాలి. బకెట్‌లో వేళ్లను 10–15 నిమిషాలు ముంచితే పచ్చబడతాయి, అంతే చాలు. ఏప్రిల్, మే నెలల్లో రెండోసారి కూడా కావాలి, అదీ నాలుగింటిలోపే. మొవ్వులో నీళ్లు రాత్రంతా నిలిస్తే అది నల్లబడి కుళ్లుతుంది. వాండాకు పెరిగే కొన ఒక్కటే కాబట్టి ఇది చాలా ప్రమాదం. ఆ కొన పోయాక మొక్క మొదలు దగ్గర పిలక వస్తే మీ అదృష్టం.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే వేరు కొనలు మాడతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి. కొత్త వేళ్ల కొనలు పచ్చగా కనిపించాకే 20-20-20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది), లీటరుకు 1 గ్రాము, వారానికోసారి, వేళ్లు తడిపిన తర్వాత ఇవ్వండి.

50 శాతం నీడ వల కింద ఆకు లేత పచ్చగా ఉంటే వెలుతురు సరిపోయినట్టే. ముదురు పచ్చగా ఉంటే చాలడం లేదు, పువ్వులు రావు. మీ మొక్క ముందు వేళ్లు కూడదీసుకోవాలి. ఈ ఏడాది పూలకు తొందరపడకండి.

ప్రశ్న: మన ఎండకు ఏ వాండా ఆగుతుంది? మామిడి చెట్ల మీద కనిపించేది బదనికేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వాండా సెరూలియా అనే నీలి వాండా మేఘాలయ, నాగాలాండ్, మణిపూర్ కొండలది. దానికి చల్లని రాత్రులు కావాలి, గుంటూరు మే నెలకు తట్టుకోదు. ఫిలిప్పీన్స్‌లోని మిండనావో నుంచి వచ్చిన సాండెరియానా రక్తం కలిసిన సంకరాలు వేడిని బాగా ఓర్చుకుంటాయి.

అన్నిటికన్నా తేలిక మన దేశపు వాండా టెస్సెలాటా. పసుపుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్లు, ఊదా పెదవి, మంచి వాసన. మామిడి మీద మీరు చూసింది ఇదే కావచ్చు. బదనిక కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. వాండా బెరడును పట్టుకుంటుందే తప్ప చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. చెట్ల మీద పెరిగే మొక్కలకు సంస్కృతంలో ఉన్న ‘వందా’ అనే మాటే ఈ ప్రజాతికి పేరైంది.

దాన్ని పీకి తెచ్చుకోకండి. ధూళిలాంటి దాని విత్తనం తగిన శిలీంధ్రం తోడు లేకుండా మొలవదు, పోయిన మొక్క స్థానంలో మరొకటి రావడానికి ఏళ్లు పడుతుంది. నర్సరీలో పెంచినదే కొనండి. కొనేటప్పుడు పువ్వును కాదు, పచ్చని కొనలున్న వేళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.