డెక్కు పెయింటుకు మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది వాకాడు వైపు సముద్ర తీరం. 28 అడుగుల ఫైబర్ బోటు ఉంది. మార్చిలో తడి డెక్కు మీద జారి మా బావమరిది మణికట్టు విరిగింది. ఆస్పత్రికి 36,000 అయింది. వేట నిషేధం ముగిసి మళ్లీ వేట మొదలయ్యేలోపు డెక్కుకు జారని పెయింట్ వేయించాలని ఉంది. మేస్త్రీ డెక్కుకు 24,000 (సరుకు 15,000, కూలి 9,000), బయట బాడీకి 38,000, మొత్తం 62,000 అడిగాడు. బ్యాంకులో 41,000 ఉంది కానీ, జూన్‌లో పాప కాలేజీ ఫీజు 15,000 కట్టాలి కాబట్టి దాన్ని కదపలేను. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే 20,000 భృతి విడిగా ఖాతాలో పడింది. మా ఆవిడ టైలరింగుతో ఇల్లు గడుస్తోంది, నెల ఖర్చు 18,000. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? ఏ పెయింట్ మంచిది?

జవాబు: వద్దు. తిరుపతిలో నా దగ్గరికి వచ్చే చిన్న వ్యాపారుల్లో సగం మంది చేసే పొరపాటు ఇదే, అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను. ఏటా వచ్చే ఖర్చును హఠాత్తుగా వచ్చిన ఆపదలా చూసి అప్పుకు పరుగెత్తుతారు. నిజంగా ఆపద వచ్చిన రోజుకు చేతిలో ఏమీ ఉండదు.

ముందు ఆ వడ్డీ సంగతి. 62,000కు నెలకు 1,860. వేట లేని రోజుల్లోనే మీటరు తిరగడం మొదలవుతుంది. అసలు కట్టకుండా వడ్డీ మాత్రమే కడుతూ పోతే మూడేళ్లకు 66,960. అప్పటికి వల లాగే చోట మీ పెయింట్ అరిగిపోయి ఉంటుంది, అసలు మాత్రం చెక్కు చెదరదు. మూడు రూపాయలే కదా అనకండి, అది ఏడాదికి 36 శాతం. డైలీ ఫైనాన్స్ వాళ్ల గడప అసలే తొక్కవద్దు. పది వేలని చెప్పి 8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే లెక్కలు చూసీ చూసీ విసుగొచ్చింది. తప్పనిసరిగా అప్పే కావాలంటే మత్స్యకారులకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు ముందు, బ్యాంకులో గోల్డ్ లోన్ తర్వాత.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 36,000. అది ఖర్చు కాకముందు మీ ఖాతాలో 77,000 ఉండి ఉండాలి. ఒక్కడు ఒక్కసారి కాలు జారితే దాదాపు సగం నిల్వ పోయింది. మిగిలిన 41,000లో ఫీజు 15,000 తీసేయండి. ఇంటికి అత్యవసర నిధి అని చెప్పుకోదగ్గది 26,000. ఒకటిన్నర నెల కూడా రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం వల్ల బోటు కదలదని మీకు ఏటా ముందే తెలుసు. అలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 1,08,000, పక్కన ఉండాలి. బ్యాంకులోని 41,000ను కదపలేనన్నారు, మంచిదే. కానీ కారణం ఫీజు కాకూడదు. ఫీజు తేదీ తెలిసిన ఖర్చు, దానికి వేరే డబ్బు ఉండాలి.

ఇక పెయింట్. బాడీ పని ఈ ఏడాది మానేయండి. బయట రంగు వెలిసిపోతే ఎవరికీ చెయ్యి విరగదు. డెక్కు మాత్రం చేయాల్సిందే. దానికి భృతి డబ్బులోంచి 15,000 వాడండి. విరామంలో మీ కుర్రాళ్లు ఖాళీగానే ఉంటారు కాబట్టి కూలి 9,000 మిగులుతుంది. మేస్త్రీ కొటేషన్ కాగితం కూడా పంపారు, అందులో డెక్కుకే పది లీటర్ల టాప్ కోటు (పైపూత) రాశాడు. మీ డెక్కు సుమారు 120 చదరపు అడుగులు. కోటుకు లీటరున్నర లెక్కన రెండు పూతలకు మూడు లీటర్లు, వృథాతో కలిపినా నాలుగు మించదు. ఇది అడిగి చూడండి, సరుకు ఖర్చు కూడా దిగుతుంది.

పడవల రిపేరు చేసే మా బంధువును కనుక్కుంటే ఆయన చెప్పింది ఇది. ఇంటి గేటుకు వేసే ఎనామెల్ ఫైబర్ మీద నిలవదు. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ (అడుగు పూత), దాని మీద రెండు డబ్బాల పాలీయూరిథేన్ టాప్ కోటు తీసుకోవాలి. ఎపాక్సీ ఒక్కటే వేసి వదిలేస్తే ఎండకు సున్నంలా పొడి రాలుతుంది. లేత రంగు అయితే కాళ్లు కాలవు. పనిలో అసలు కష్టం ముందే ఉంటుంది. డెక్కును మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, మైనం, జిడ్డు పోయేలా సాల్వెంటుతో తుడిచి, ఆ తర్వాతే 80 నంబరు గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) రుద్ది గరుకు చేయాలి. తుడవకుండా రుద్దితే మైనం లోపలికి పోయి పెయింట్ పొరలుగా ఊడుతుంది.

గరుకు కోసం తీరాన ఇసుకే కదా అని చల్లకండి. అందులో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు తేమను లాగి పెయింటును పైకి లేపుతుంది. కడిగి ఆరబెట్టి జల్లించిన సన్నని సిలికా ఇసుక కొనండి. మీరంతా ఒట్టి కాళ్లతో తిరుగుతారు కాబట్టి మరీ పెద్ద రవ్వ వద్దు, అరికాళ్లు గీసుకుపోతాయి. ఇసుకను డబ్బాలో కలిపితే అడుక్కు దిగుతుంది. మొదటి టాప్ కోటు తడిగా ఉన్నప్పుడే పైన సమంగా చల్లి, ఆరాక వదులుగా ఉన్నది ఊడ్చేసి, రెండో కోటుతో మూసేయాలి. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి డెక్కు కాలకముందే ఆపేయండి. పైన టార్పాలిన్ కడితే మేలు. పెయింటును గట్టిపరచడానికి కలిపే రెండో డబ్బా హార్డెనర్, దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, సరైన మాస్కు లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయకండి. ఒక రోజు ఎవరూ ఎక్కకూడదు, పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. అందుకే జూన్ 14 దాకా సాగదీయకుండా నెలారంభంలోనే ముగించండి.

వేట మొదలయ్యాక సముద్రంలోకి వెళ్లిన ప్రతి రోజూ 200 ఇంటి నిధికి, 50 బోటు పనులకు, రెండు వేర్వేరు ఖాతాల్లో వేయండి. ఏడాదిలో 200 రోజులు వెళ్తే ఒకదాంట్లో 40,000, మరోదాంట్లో 10,000. మళ్లీ డెక్కు అరిగినప్పుడు ఆ రెండో ఖాతా చూసుకోవాలి, మొదటిది ముట్టుకోకూడదు. ఇల్లాలి పేరు మీద, ఏటీఎం కార్డు లేకుండా తెరిస్తే ఇంకా నయం.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా (ప్రధానమంత్రి సురక్షా బీమా) బోటు ఎక్కే ప్రతి ఒక్కరికీ ఉండాలి. మత్స్యకారుల ప్రమాద బీమాలో మరణానికి ఐదు లక్షలు, ఆస్పత్రి ఖర్చుకు 25,000 వరకు ఉంది. బావమరిది పేరు అందులో నమోదై ఉందో లేదో సచివాలయంలో మత్స్య సహాయకుడిని రేపే అడగండి. మార్చి నాటి బిల్లులు, ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం పారేయకుండా వెంట తీసుకెళ్లండి.